దుస్తులపై సంతకము చేసిన దర్జీ



నేటి నా ప్రసంగము ఒక దర్జీని గూర్చినది. రాజుల చరిత్రమును, యుద్ధముల చరిత్రమును వినుటకు అలవడిన పెద్దలు “దర్జీకి చరిత్రమేమి!” యని నవ్వవచ్చును. నవ్వినను నాకు కష్టము లేదు. ఈ దర్జీ యింటి వాకిట మహారాణుల బండ్లు బారులు తీరి నిలిచినవి. ఇతని కత్తెర పోకడ మారినపుడు వేలమైళ్ళ దూరమున కాశ్మీరదేశపు సాలెవాని పొయ్యిమీద దాని ప్రభావము పడినది. అట్టివానిని గూర్చి ఒక సాయంకాలము మాటలాడుకొనుట వృథాకాదని నా యభిప్రాయము.

ఇతని పేరు చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్. పుట్టుకచే ఆంగ్లేయుడు, కీర్తి గడించినది ఫ్రాన్సు రాజధానియైన పారిస్ నగరమున. దుస్తులు కుట్టువారు ఇతనికి పూర్వము ఎందరో యుండిరి. ఇల్లాలు బట్ట కొని తెచ్చి, ఇట్లు కుట్టుమని చెప్పగా, చెప్పినట్లు కుట్టి కూలి పుచ్చుకొని పోవుటయే వారి పని. దుస్తు యెట్లుండవలెనో తానే ఊహించి, తానే నిర్ణయించి, చిత్రకారుడు పటము మూలను వ్రాలు చేసినట్లు దానిపై తన పేరు నిలిపినవాడు వర్త్. నేడు మన పట్టణములలో సైతము ఫ్యాషన్ డిజైనరను పేరుతో బోర్డులు కట్టుకొనుచున్న వృత్తికి మూలపురుషుడుగా చరిత్రకారులు ఇతనినే చెప్పుదురు.

నాకు ఇతనియందు ఆసక్తి కలుగుటకు ఒక సొంత కారణము కలదు. నేను సాలెవారి యింట పుట్టినవాడను. మా తండ్రిగారు కృష్ణాజిల్లాలో పెడనకు దాపుననున్న ఒక గ్రామమున గుంటమగ్గముమీద నలువది సంవత్సరములు నేసిరి. ఆయన నేసిన చీర మడత విప్పినచో అంచు కనబడును, బుటా కనబడును, కొంగు కనబడును. నేసినవాని పేరు మాత్రము కనబడదు. మడతపై నంటించిన కాగితము షావుకారుది. ఒకప్పుడు మా తండ్రిగారికి ఏమి తోచినదో, తాను నేసిన ప్రతి చీరయందును కొంగు చివర ఒకేయొక పసుపుపచ్చని పోగు వేయుట మొదలుపెట్టిరి. ఎక్కడనైనను ఆ చీర కంటబడినచో నాదని గుర్తుపట్టుటకు అని అమ్మతో చెప్పిరట. మూడు నెలలైన పిమ్మట షావుకారు ఆ పోగును కనిపెట్టి, నేతలో దోషమని మజూరీలో కోత పెట్టెను. పసుపుపోగు అంతటితో ఆగిపోయెను.

పెక్కేండ్లకు నేను పట్నమున ఒక గ్రంథాలయములో పెద్ద బొమ్మల పుస్తకము తిరుగవేయుచుండగా, లోపలివైపు పైకి త్రిప్పిన ఒక పాతకాలపు గౌను చిత్రము కనబడెను. నడుమునకు బిగించు పట్టీపై బంగారు వర్ణపు అక్షరములతో దానిని చేసినవారి పేరు అచ్చువేయబడి యున్నది. ఆ అక్షరములను చూచి నేను చాలసేపు పుట త్రిప్పలేకపోతిని. ఆనాటినుండి వర్త్‌ను గూర్చి దొరికినదెల్ల చదువుచు వచ్చితిని.

ఇతడు 1825వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన ఇంగ్లండులో లింకన్‌షైరు సీమయందలి బోర్న్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది, కాని ధనమంతయు పోగొట్టుకొని కుటుంబమును నట్టేట విడిచినవాడు. పదునొకండేండ్ల బాలుడు ఒక అచ్చుకూటమున పనికి కుదిరెను. ఆ పని నచ్చలేదు. మరుసటి యేడు లండనుకు పోయి, స్వాన్ అండ్ ఎడ్గర్ అను గుడ్డల దుకాణమున చేరెను. అక్కడ బట్ట కొలుచుట, మడచుట, లెక్కలు వ్రాయుట, కొనవచ్చినవారి మనస్సెరిగి మాటలాడుట నేర్చుకొనెను. తరువాత పట్టువస్త్రములు విక్రయించు మరియొక పెద్ద దుకాణమునకు మారెను. తీరిక దొరికినపుడు లండనులోని జాతీయ చిత్రశాలకు పోయి, పూర్వపు దొరసానుల పటముల యెదుట నిలుచుండి, వారి చేతికుచ్చులు, మెడపట్టీలు, మఖమలు మడతలు ఎట్లు దిగినవో పరిశీలించెడివాడట. బట్టను తాకి తెలిసికొనుట అంగడి నేర్పినది. దానిని మేనిమీద ఎట్లు నిలుపవలెనో ఆ పటములు నేర్పినవి. నా మట్టుకు నాకు, ఇతని తరువాతి గొప్పతనమంతయు ఈ రెండు చదువుల కలయికయే యనిపించును.

ఇరువదియేండ్ల ప్రాయమున ఇతడు కొద్దిపాటి సొమ్ముతో పారిస్ చేరెను. ఫ్రెంచిభాష రాదు. తెలిసినవారు లేరు. కొంతకాలము చిల్లర పనులు చేసి, తుదకు గాజెలిన్ అను పేరుగల వర్తకశాలలో గుమాస్తాగా కుదిరి, సుమారు పండ్రెండేండ్లు అక్కడనే యుండెను. ఆ శాలలో పట్టుబట్టలును, పైవస్త్రములును, కాశ్మీరు శాలువలును అమ్మెడివారు.

కాశ్మీరు శాలువ యనగా ఆనాటి ఫ్రాన్సులో సామాన్యమైన వస్తువు గాదు. మన పెండ్లిండ్లలో పట్టుచీర యెట్లో, అక్కడి ధనికుల వివాహములలో వరుడు వధువునకు పంపు కానుకల పెట్టెలో శాలువ అట్లుండెడిది. దానిని కొనవచ్చిన వారి యెదుట ఒక యువతి భుజములపై కప్పుకొని అటునిటు నడిచి చూపవలెను. గాజెలిన్ వారి శాలలో ఆ పని చేయుచుండిన యువతి పేరు మేరీ వెర్నే. శాలువ అందము చక్కగా తెలియవలెనన్నచో దాని క్రింది దుస్తు కుదురుగా నుండవలెనని వర్త్ తలంచి, ఆమెకు నిరాడంబరమైన గౌన్లను తానే రూపొందించి కుట్టించెను. చూడవచ్చిన స్త్రీలు శాలువను విడిచి, “ఆ గౌను ఎక్కడ కుట్టించితివి?” యని యడుగ మొదలిడిరి. యజమానులు దుస్తుల శాఖ తెరచుటకు మొదట ఒప్పుకొనలేదు. గౌన్లు కుట్టి అమ్ముట తమ యంతస్తునకు తక్కువయని వారి తలంపు. ఒప్పుకొనిన పిమ్మట ఆ శాఖవారి పనితనమునకు 1851వ సంవత్సరపు లండను మహాప్రదర్శనమునందును, 1855వ సంవత్సరపు పారిస్ ప్రదర్శనమునందును బహుమానములు వచ్చినవి. 1851లోనే వర్త్ మేరీని వివాహమాడెను.

1858లో వర్త్, స్వీడన్ దేశీయుడైన ఓటో బొబెర్గ్ అను మిత్రునితో కలిసి ర్యూ ద లా పే, అనగా శాంతివీధి, 7వ నంబరు ఇంట సొంత వ్యాపారము నెలకొల్పెను. పని తెలిసినవాడే, బేరము తెలిసినవాడే. కాని పెద్దింటివారి గడప త్రొక్కుట యెట్లు? ఇచ్చట మేరీ సాహసమును చెప్పవలెను. ఆస్ట్రియా రాయబారి భార్యయైన పౌలీన్ మెటర్నిక్ ప్రభ్వి ఆనాడు పారిస్ రాజసభలో మాట చెల్లుబడి గలది. మేరీ, భర్త వ్రాసిన దుస్తుల చిత్రముల సంపుటమును చేతబట్టుకొని ఆమె యింటికి పోయెను. ఒక ఇంగ్లీషువాడు పారిస్ స్త్రీలకు దుస్తులు కుట్టుటయా యని ఆ ప్రభ్వి మొదట వేళాకోళము చేసి, బొమ్మలు చూచిన తరువాత మాట మార్చుకొని, గౌను ఒకటికి మూడువందల ఫ్రాంకుల వెలతో రెండు కుట్టుమనెను.

అందొకటి తెల్లని పలుచటి బట్టమీద వెండితళుకులతో, గడ్డిపూల కుచ్చులతో చేయబడినది. దానిని ధరించి పౌలీన్ ట్యూలరీ రాజప్రాసాదమున జరిగిన నృత్యోత్సవమునకు పోగా, మూడవ నెపోలియన్ చక్రవర్తి భార్య యూజెనీ సామ్రాజ్ఞి చూపు ఆ గౌనుపై పడెను. కుట్టినవాడెవడని యడిగి, మరునాడు ఉదయము పదిగంటలకు రమ్మని కబురంపెను. వర్త్ భాగ్యము ఆ రాత్రితో తిరిగినది. ఆ ప్రభ్వి తరువాత తన స్మృతులలో, అప్పటినుండి వర్త్ పైకి లేచెననియు, తనకు మాత్రము మరెన్నడును మూడువందల ఫ్రాంకులకు గౌను దొరకలేదనియు పరిహాసముగా వ్రాసికొనినది.

సామ్రాజ్ఞి ధరించినదానిని సభ యంతయు ధరించును. పారిస్ ధరించినదానిని ఐరోపా యంతయు ధరించును. పదేండ్లలో వర్త్ శాలలో సుమారు పండ్రెండువందలమంది పనివారైరి. 1867లో ఆస్ట్రియా సామ్రాజ్ఞి ఎలిజబెత్ హంగరీ రాణిగా పట్టాభిషిక్తురాలైనప్పుడు ధరించిన దుస్తు ఈ యింటిదే. రష్యా రాజసభకును, సముద్రమునకావలి అమెరికాకును పెట్టెలు పెట్టెలుగా దుస్తులు పోవుచుండెను.

ఇతని శాలకు పోయిన యొక దొరసానికి ఏమి జరిగెడిదో చెప్పినచో మీకు వింతగా నుండును. వెనుక దర్జీ తానే యిల్లాలి యింటికి పోయెడివాడు. ఇప్పుడు యిల్లాలు దర్జీ యింటికి పోవలెను. అక్కడ యువతులు సిద్ధమైన గౌన్లను ధరించి ఆమె యెదుట నడతురు. ఆమె ఒక రూపమును మెచ్చుకొనును. ఆ రూపమును ఆమె కొలతకు, ఆమె మేనిచాయకు తగిన బట్టలో మరల కుట్టుదురు. ఒక గది కిటికీలకు పగలే తెరలు దించి, లోపల గ్యాసుదీపములు వెలిగించి యుంచెడివారు. రాత్రి ఉత్సవమునకు కట్టు బట్ట రంగు దీపపు వెలుతురులో ఎట్లుండునో పగటి యెండలో తెలియదు గదా! మన యంగళ్ళలో చీర కొనునపుడు ఆడవారు వాకిటికి తెచ్చి వెలుతురులో చూచుకొందురు. ఆ తెలివియే ఇది, తలక్రిందులుగా.

వర్త్ వేషమును చిత్రమే. చిత్రకారులలో పేరుగన్న రెంబ్రాండ్ వలె మఖమలు టోపియు, బొచ్చు అంచు గల పైవస్త్రమును ధరించి, చుట్ట కాల్చుకొనుచు పీఠముపై గూర్చుండి, వచ్చినవారిని నిలువెల్ల తేరిపార జూచి, “మీకు ఆ రంగు పనికిరాదు” అని నిర్మొగమాటముగా చెప్పెడివాడు. కోటీశ్వరుల భార్యలు బడిపిల్లలవలె తల యూపి పోయెడివారు. గర్వమనుకొందురా? కొంత గర్వమే. అయితే ఆ గర్వము వెనుక ఒక లెక్క కూడ నున్నది: కొనువారి కోరికకు లోబడినంత కాలము దర్జీ కూలివాడే యని అతడు గ్రహించెను. పురుషుడు స్త్రీల నడుము కొలుచుటయేమని లండను పత్రికలు ఎకసెక్కెములు చేసినవి. ఎమిలి జోలా తన నవలయొకదానిలో ఇతనిని పోలిన దర్జీని పెట్టి వెక్కిరించెను. ఇతడు లక్ష్యపెట్టలేదు.

ఇక పని మాట. ఆనాటి గౌన్లకు క్రినోలిన్ అను ఉక్కు వలయముల పంజరము లోపల నుండెడిది. అచ్చముగా మన పెరటిలోని కోళ్ళగంపను నడుమునకు కట్టుకొనినట్లే. ఆ గంపమీద గజములు గజములుగా పట్టు పరచవలెను. వాకిళ్ళలో దూరుట కష్టము. పొయ్యి దగ్గరకు పోయినచో నిప్పంటుకొని ప్రాణములు పోవుటయు జరిగినది. ఈ పంజరమును కనిపెట్టినవాడు వర్త్ కాడు. దానిని మెల్లమెల్లగా అణచినవాడు ఇతడు. మొదట ముందువైపు చదునుచేసి వెడల్పునంతయు వెనుకకు నెట్టెను. తరువాత నడకకు అనుకూలముగా అంచు చీలమండవరకు ఎత్తెను. 1870 నాటికి గంప పోయి, వెనుక నడుము క్రింద మాత్రము కుచ్చెళ్ళ ఎత్తు మిగిలినది. ఐదారేండ్ల కాలములో లక్షలమంది స్త్రీల ఆకారమును ఒక మనుష్యుని ఊహ మార్చివేసినదన్న మాట.

బట్టయెడ ఇతనికిగల గౌరవము నన్ను మిక్కిలి ఆకర్షించినది. బుటా పెద్దదైన పట్టును ముక్కలు చేసి అతుకులతో పాడుచేయడు. బుటాయే కనబడునట్లు కత్తిరింపును తగ్గించుకొనును. పోగు ఏ దిక్కున పోవునో దానినిబట్టి బట్ట ఎట్లు వ్రేలాడునో ముందే యెరుగును. పొడవైన కుట్లకు అప్పుడే వచ్చిన కుట్టుమిషనును వాడించెను. మేనికి కనబడు సున్నితపు పనిని చేతితోనే చేయించెను. ఒక రవిక నమూనాకు వేరొక చేతిని, ఆ చేతికి మరియొక లంగాను జతపరచి, కొలది నమూనాలనుండి పెక్కు రూపములను పుట్టించెను. కొత్త యంత్రమును, పాత చేతిపనిని తగవు పెట్టక ఒకే గదిలో కూర్చుండబెట్టగలిగినవాడని మెచ్చుకొనవలెను.

నేను ఇదంతయు చదివి, ఉత్సాహముతో మా తండ్రిగారికి చెప్పితిని. అప్పటికి ఆయన మగ్గము దిగి కొన్నేండ్లైనది. పుస్తకములోని బొమ్మలను కండ్లజోడు సవరించుకొని సావధానముగా చూచిరి. కుట్టును మెచ్చుకొనిరి. పిదప, “బాగుందిరా అబ్బాయీ. దర్జీ పేరు నడుముపట్టీమీద ఉంది. ఆ పట్టు నేసినవాడి పేరెక్కడుంది?” అని యడిగిరి. నాయొద్ద జవాబు లేదు.

ఆ ప్రశ్న నన్ను లియోన్ నగరమునకు త్రోవపట్టించినది. వర్త్ వాడిన పట్టులో విశేషభాగము ఫ్రాన్సులోని ఆ నగరపు మగ్గములమీద నేసినదే. మన నేతగాండ్రు బుటా పనికి వాడు జకార్డు మీరెరిగినదే. దానిని 1804 ప్రాంతమున కూర్చిన జోసెఫ్ మేరీ జకార్డు ఆ లియోన్ వాడే. ఆ యెత్తైన మగ్గములు పట్టుటకు అక్కడి క్రువా-రూస్ గుట్టమీద యిండ్లకు పైకప్పులు ఎత్తుగా కట్టుకొనిరి. మజూరీ రేటు నిర్ణయింపుమని 1831లో ఆ నేతగాండ్రు తిరుగబడగా సైన్యము దిగెను. 1834లో మరల తిరుగబాటు జరిగి, వందలకొలది జనము వీధులలో కూలిరి. తరువాత 1850 మొదలు పట్టుపురుగులకు తెగులు సోకి గూళ్ళు నశించుటచే, పాస్టర్ పండితుడు 1865 నుండి కొన్నేండ్లు ఆ తెగులుమీదనే పనిచేయవలసి వచ్చెను. వర్త్ గౌన్ల తళుకు వెనుకనున్న లియోన్ ఇట్టిది.

వర్త్‌కు ఈ సంగతి తెలియకపోలేదు. ఒక కథ చెప్పుదురు. అతడు లియోన్‌లో నేసిన ఘనమైన బుటా పట్టుతో గౌను సిద్ధపరచి సామ్రాజ్ఞికి చూపగా, ఇది కట్టుకొన్నచో కిటికీ తెరవలె నుందునని ఆమె త్రోసివేసెను. అంతలో చక్రవర్తి లోనికి వచ్చెను. వర్త్ ఆయనతో, సామ్రాజ్ఞి దీనిని ధరించినచో దేశమంతయు ధరించును, లియోన్ మగ్గములకు పని దొరకును అని మనవి చేసెను. లియోన్ జనులు తన ప్రభుత్వముపై మనసులేనివారని యెరిగిన చక్రవర్తి భార్యవైపు చూచెను. ఆమె ఆ గౌను ధరించెను. అట్టివానిని ఆమె తన రాజకీయపు దుస్తులని పిలిచెడిదట. దర్జీ తెలివియో, వర్తకుని తెలివియో, దయయో, ఏదైనను కానిండు, మగ్గములు ఆడినవి.

అయినను ఇదే చేతితో మరియొక చోట మగ్గములు ఆగినవి. గంపవంటి గౌనుపై శాలువ పరచినచో దాని బుటా యంతయు చక్కగా కనబడెడిది. గంప పోయి వెనుక కుచ్చెళ్ళ యెత్తు వచ్చిన తరువాత శాలువ కప్పినచో ఆ కొత్త సొగసు మరుగుపడును. అందుచే శాలువ మూలబడెను. ఏ శాలువలు అమ్ముచు వర్త్ పైకివచ్చెనో, ఏ శాలువ క్రింది గౌనుతో అతని పేరు మొదలైనదో, ఆ శాలువయే పోయెను. అతడొక్కడే కారణమనుట అన్యాయము. లియోన్, పారిస్, స్కాట్లండు మగ్గములు చవుకరకపు నకళ్ళను ముందే విడిచినవి. 1870, 71లలో జర్మనులతో యుద్ధమున ఫ్రాన్సు ఓడిపోగా శాలువల ముఖ్యమైన అంగడియే మూతపడెను. 1877 మొదలు రెండేండ్లు కాశ్మీరమున ఘోరక్షామము వచ్చి మిగిలిన నేతగాండ్రను నేలబెట్టెను. ఇన్ని కారణములను లెక్కవేసిన తరువాత కూడ, పారిస్‌లో ఒక లంగా వెడల్పు మారుటయు అందులో నొకటియే.

పెడన ప్రాంతమువాడనగుటచే నాకు ఇంకొక సంగతి తలపునకు వచ్చును. 1669లో గోలకొండ సుల్తాను అనుమతి పొంది ఫ్రెంచివారు మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. మన తీరమున అద్దిన కలంకారీ బట్టలను ఓడలకెత్తి కొనిపోగా, అక్కడి స్త్రీలు వానిమీద మోజుపడి తమ దేశపు పట్టును, ఉన్నిని మరచిరి. అప్పుడు లియోన్ మొదలైన ఊళ్ళ నేతవారి మొర విని ఫ్రాన్సు ప్రభువు 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు నడిచినది. ఒకనాడు మన అద్దకపు అచ్చులకు జడిసి లియోన్ ఏడ్చినది. రెండువందల యేండ్లకు లియోన్ నకళ్ళచే కాశ్మీరము ఏడ్చినది. సొగసు వెనుక ఎప్పుడును ఎవని మగ్గమో ఒకటి కదులుచునో, ఆగుచునో యుండును.

వర్త్ కథకు మరలుదము. 1870లో చక్రవర్తి ప్రభుత్వము కూలెను. యూజెనీ ఇంగ్లండుకు పారిపోయెను. శాంతివీధి యిల్లు మూతపడి గాయపడినవారికి ఆసుపత్రియైనది. పోషించిన సభ పోయినది గనుక దర్జీ పని ముగిసెనని అందరును అనుకొనిరి. బొబెర్గ్ తన భాగము పుచ్చుకొని తప్పుకొనెను. వర్త్ మాత్రము 1871లో ఒంటరిగా మరల తలుపులు తెరచెను. రాణులు తగ్గిరి గాని, అమెరికా రైలు కంపెనీల యజమానుల భార్యలు వచ్చిరి. 1883లో న్యూయార్కు నగరమున వాండర్‌బిల్టు కుటుంబపు విందునకు ఒక యిల్లాలు వర్త్ ఇంటివారు కుట్టిన గౌనును విద్యుద్దీపమను వేషముగా ధరించి పోయెను. పసిడి వెండి పోగుల గౌను, చేతిలో దీపము, ఆ దీపమును వెలిగించు బ్యాటరీలు గౌను మడతలలో దాచబడి యుండెను. ఆ నగరమున విద్యుద్దీపములు అప్పటికింకను కొత్తయే! ఆ గౌను నేటికిని న్యూయార్కు నగర వస్తుశాలలో భద్రముగా నున్నది.

పేరు అంతగా పెరిగినచో దొంగలును పుట్టుదురు. నడుముపట్టీలపై వర్త్ పేరును దొంగముద్రలు వేసి అమ్మువారు బయలుదేరిరి. నాకు ఇది చదివినపుడు నవ్వు వచ్చెను. పేరు లేనిచోట దానిని దొంగిలించు భయమును లేదు గదా!

ఇతని యింట రాత్రులు పనిచేసిన కుట్టు స్త్రీల మాట కూడ మరువరాదు. ఉత్సవముల ఋతువులో పారిస్ కుట్టుశాలల యందు పనికత్తెలు వేగుజాము వరకు దీపముల క్రింద వంగి కుట్టెడివారు. పండ్రెండువందలమందిలో వారే యెక్కువ. పట్టీపైని పేరు వారిది గాదు. నేను వర్త్‌ను మెచ్చుకొందును. అతని చేతిపని చూచినపుడెల్ల మనసు ఉప్పొంగును. అతడు దర్జీని కూలివాని బల్లనుండి లేపి కళాకారుని పీటపై కూర్చుండబెట్టెను. ఆ పీట ఒక్కరికే సరిపోవునంత చిన్నది, అంతే నా చింత.

వర్త్ 1895 మార్చి 10వ తేదీన పారిస్‌లో మరణించెను. కుమారులు గాస్టన్, జాఁ-ఫిలిప్ అప్పటికే పనిలో నున్నారు. పద్దులు గాస్టన్ చూచెను. కత్తెర జాఁ-ఫిలిప్ పట్టెను. ఆ యిల్లు నాలుగు తరములు నిలిచి 1950 తరువాతి యేండ్లలో మూతపడెను.

అందు జాఁ-ఫిలిప్ కాలపు ఒక గౌనును చెప్పి నేను సెలవు పుచ్చుకొందును. 1903 జనవరిలో ఢిల్లీయందు దర్బారు జరిగినపుడు వైస్రాయి కర్జను ప్రభువు భార్య మేరీ దానిని ధరించెను. నిలువెల్ల నెమలి యీకలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లు. ఆ యీకలు నిజమైనవి కావు. బంగారు వెండి జరీతో కుట్టినవి. ప్రతి యీక కన్నునందును ఆకుపచ్చగా మెరయు కంచుపురుగు రెక్క కుట్టబడినది. ఆ జరీపని చేసినది పారిస్ కాదు. ఢిల్లీలో మన పనివారు చట్రములకు బట్ట బిగించి, నేలపై కూర్చుండి, సూదితో కుట్టిన ముక్కలను ఓడమీద పంపగా, వర్త్ ఇంటివారు వానిని గౌనుగా కూర్చి తిరిగి పంపిరి. బరువు సుమారు పది పౌనులు.

ఆ గౌను నేడు ఇంగ్లండులో కర్జను కుటుంబపు కెడిల్‌స్టన్ భవనమున అద్దాల పెట్టెలో నున్నది. వెండిజరీ నల్లబడినది. పురుగు రెక్కలు మాత్రము నూరేండ్లు దాటినను వన్నె తగ్గలేదని చూచినవారు చెప్పుదురు. దానిని వర్త్ వారి గౌననియే లోకము పిలుచుచున్నది. ఇది చెప్పుటకు మా తండ్రిగారు ఇప్పుడు లేరు. మా యమ్మ పెట్టెలో ఆయన నేసిన చీర యొకటి యున్నది. మొన్న దానిని విప్పి చూచితిని. కొంగు చివర, అంచునుండి నాలుగు వ్రేళ్ళ యెడమున, పసుపుపోగు ఉన్నది.